ఆ గదిలో రాత్రి ఎంతమంది పడుకుంటారు?

పిల్లకి మోకాలు వాచి జ్వరం వస్తే, "గోడల నెమ్ముకి వాతం పట్టింది" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. కాపడం పెడతారు. రెండ్రోజులకి మోకాలు తగ్గి చీలమండ వాస్తుంది, తర్వాత మోచెయ్యి. 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో ఇలా కీలు మారుతూ నొప్పి వస్తుంటే రుమాటిక్ ఫీవరేమోనని వెంటనే చూపించాలి. నొప్పి మాత్రకి కీళ్లు బాగైపోతాయి. గుండె వాల్వుకి (రక్తాన్ని ఒకేవైపు పంపే తలుపుకి) తగిలిన దెబ్బ మాత్రం ఉండిపోవచ్చు.

దీని మూలం గోడలో లేదు, రెండు మూడు వారాల కిందటి గొంతు నొప్పిలో ఉంది. ఆ గొంతు నొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా తుంపరలతో పక్కన పడుకున్నవాళ్లకి అంటుకుంటుంది. పది బై పది గదిలో వరసగా ఆరు చాపలు, తలలన్నీ ఒకేవైపు, దోమలు రాకుండా కిటికీకి అట్టముక్క. దానికి ఇంతకన్నా ఏం కావాలి? నెమ్ము చేసే చెరుపు ఇంకో దారిలో వస్తుంది: కురిసే గది వదిలేసి అందరూ పొడి గదిలోకి చేరతారు. న్యూజిలాండ్‌లో చలికాలం వెచ్చటి గది ఒక్కటే ఉన్న ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది. అందుకే అక్కడి ప్రభుత్వం 2013లో హెల్తీ హోమ్స్ కార్యక్రమం పెట్టి, ఈ జబ్బు ముప్పున్న కుటుంబాలకి మంచాలు, పరుపులు, కర్టెన్లు అందేలా చూసింది.

మన ఆరోగ్యశ్రీలో (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) వాల్వు మార్పిడి చేస్తారు, ఎన్నో ప్రాణాలు నిలిచాయి. కానీ ఆపరేషనయ్యాక ఆ పిల్ల మళ్లీ అదే చాపల వరసలోకి వెళ్తోంది, అదే నా బాధ. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన పేదల ఇళ్ల పథకంలో కాలనీ ఇల్లు 340 చదరపు అడుగులు, పడకగది ఒక్కటే. ఉక్కపోత ప్రాంతాల్లో కిటికీలు, వెంటిలేటర్లు కలిపి గది నేలలో ఆరో వంతైనా ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతోంది. అంటే వంద చదరపు అడుగుల గదికి దాదాపు 17 చదరపు అడుగులు. బిల్లు పాస్ చేసేవాళ్లు టేపు పెట్టి కొలవాల్సింది ఇదీ!

కొత్త గది వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఒకరి తల పక్కన ఇంకొకరి కాళ్లు వచ్చేలా చాపలు మార్చండి. అట్ట తీసి దోమల జాలీ కొట్టించండి. దగ్గు, జలుబు లేకుండా హఠాత్తుగా జ్వరం, మింగలేనంత నొప్పి, మెడ కింద బిళ్లలు కనిపిస్తే ఆ రోజే డాక్టరుకి చూపించండి. గొంతు నొప్పి మొదలైన 9 రోజుల్లోపు పెన్సిలిన్ పడితే రుమాటిక్ ఫీవర్ రాకుండా ఆపొచ్చు. మాత్రలైతే పది రోజుల కోర్సు. మూడో రోజుకి నొప్పి తగ్గిందని ఆపేయడమే పెద్ద పొరపాటు. మందు మొదలయ్యాక ఒక రోజంతా పిల్లని విడిగా పడుకోబెట్టండి.

రుమాటిక్ ఫీవర్ ఒకసారి వచ్చిన పిల్లకి, అది మళ్లీ రాకుండా బెంజథీన్ పెన్సిలిన్ సూది 21 రోజులకోసారి, కనీసం ఐదేళ్లు. వాల్వు చెడితే పదేళ్లు, ఇంకా పైన కూడా. మందు చిక్కగా ఉంటుంది, సన్నసూదిలో ముద్దకట్టి ఆగిపోతుంది. అలా సగమే ఎక్కితే ఆ డోసు పడినట్టు కాదు, అక్కడే నర్సమ్మకి చెప్పండి. వేయించిన రోజు క్యాలెండర్‌లో గుండ్రం చుట్టి, 21 లెక్కపెట్టి ఇంకో గుండ్రం చుట్టండి.