సైన్యంలో నేర దర్యాప్తు: అనుభవం నిలవని ఉద్యోగం

2020 ఏప్రిల్ 22న అమెరికాలో టెక్సస్‌లోని ఫోర్ట్ హుడ్ సైనిక స్థావరంలో వెనెసా గియెన్ అనే 20 ఏళ్ల సైనికురాలు పనిలో ఉండగానే కనిపించకుండా పోయింది. కారు తాళాలు, ఐడీ కార్డు, పర్సు ఆయుధాల గదిలోనే ఉండిపోయాయి. లియోన్ నది దగ్గర ఆమె అవశేషాలు దొరకడానికి రెండు నెలలకు పైగా పట్టింది. చంపింది అదే స్థావరంలో పనిచేసే తోటి సైనికుడు. దర్యాప్తు అధికారులు అతణ్ని మొదట్లోనే ప్రశ్నించారు కూడా. చివరికి, నిఘా పెట్టిన గదిలోంచే అతను బయటికి వెళ్లిపోయి, పోలీసులు ఎదురుపడగానే కాల్చుకుని చనిపోయాడు.

ఈ కేసు చూసింది అమెరికా ఆర్మీకి సొంతంగా ఉన్న నేర పరిశోధన విభాగం, సీఐడీ. ఆ ఏడాది డిసెంబరులో ఒక స్వతంత్ర కమిటీ నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 14 మంది కమాండర్లు, ఇతర బాధ్యుల మీద వేటు పడింది. అయితే అందులో అందరూ తప్పక చదవాల్సింది సీఐడీ గురించి రాసిన భాగం. ఫోర్ట్ హుడ్ ఆఫీసులో చాలామంది పని ఇంకా నేర్చుకుంటున్నవాళ్లే. హత్యలు, అత్యాచారాలు, ఆత్మహత్యల ఫైళ్లు వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. నేర్పాల్సిన సీనియర్లు తక్కువ, ఉన్నవాళ్లకు తలకు మించిన పని. దీన్ని ఎవరో కొందరి బద్ధకం కింద కొట్టిపారేస్తే అసలు సంగతి చేజారిపోతుంది. ఈ ఉద్యోగాన్ని తీర్చిదిద్దిన తీరులోనే లోపం ఉంది.

ఇంతకీ ఈ ఉద్యోగం ఎలా ఉంటుంది? మిలిటరీ పోలీసులు యూనిఫాంలో గేటు దగ్గర, రోడ్డు మీద కనిపిస్తారు. సీఐడీ ఏజెంట్లు ఎక్కువగా మామూలు దుస్తుల్లో ఉంటారు, తీవ్రమైన నేరాలు చూస్తారు. యుద్ధంలో కాకుండా మరోలా సైనికుడు చనిపోతే, అది ఆత్మహత్యలా కనిపించినా సరే, వాళ్లు వెళ్లి చూడాల్సిందే. రాత్రి రెండింటికి ఫోన్ రావచ్చు. బ్యారక్ గదిలో శవం, బయట షాక్‌లో ఉన్న కుర్రాళ్లు, మధ్యలో ఫొటోలు తీస్తూ, కొలతలు వేస్తూ ఏజెంటు. తెల్లారాక ఆధారాలను ఒక్కొక్కటిగా కవర్లలో పెట్టి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాసి, జార్జియాలోని సైనిక ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపాలి. ఆ తర్వాత రోజుల తరబడి రిపోర్టులు. టీవీ సీరియళ్లు చూపించని భాగం ఇదే, ఉద్యోగంలో ఎక్కువ భాగమూ ఇదే. ఇవి చాలవన్నట్టు రక్షణ మంత్రి లాంటి పెద్దల భద్రత కూడా సీఐడీదే. ఆ డ్యూటీకి వెళ్లిన ఏజెంటు చేతిలోని కేసులు అక్కడే ఆగుతాయి.

విచారణ గది చూస్తే ఈ పని ఎంత సున్నితమైందో అర్థమవుతుంది. అనుమానితుడి ముందు 3881 నంబరు ఫారం పెడతారు. ఏ నేరం గురించి అడుగుతున్నారో చెప్పాలి, మాట్లాడాల్సిన అవసరం లేదని చెప్పాలి, చెప్పింది కోర్టులో వాడొచ్చని చెప్పాలి. తర్వాత 2823 నంబరు ఫారంలో వాంగ్మూలం. దిద్దుబాటు ఉన్న ప్రతి చోటా సైనికుడు తన పొడి అక్షరాలు వేయాలి. దీని వెనక 1950 నాటి సైనిక న్యాయ చట్టంలోని 31వ అధికరణం ఉంది. పౌర పోలీసులు ఇలాంటి హెచ్చరిక చదివి తీరాలని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది 1966లో. సైన్యంలో అంతకు పదహారేళ్ల ముందే వచ్చింది. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. పైవాడు అడిగితే కిందివాడు జవాబు చెప్పి తీరాలన్న అలవాటు మీదే సైన్యం నడుస్తుంది. అందుకే అరెస్టు చేయకపోయినా, అనుమానితుడు అనుకోగానే ఈ హక్కులు చదవాలి. ఏజెంటు తన ర్యాంకు చెప్పకపోవడం కూడా ఇందులో భాగమే. స్పెషల్ ఏజెంట్ అంటారు, అంతే. ఎదురుగా కూర్చున్నది కల్నల్ అయినా, అడుగుతున్నది సార్జెంట్ అన్న తేడా గదిలోకి రాకూడదు.

ఇలాంటి పని కొన్ని వారాల కోర్సుతో రాదు. అక్కడ సూత్రాలు నేర్పుతారు. ఎవరు అబద్ధం చెబుతున్నారు, ఏ ఫోన్ రికార్డు వెంటనే తెప్పించాలి, ఏ సాక్షిని మళ్లీ పిలవాలి అన్నది ఒక పాత ఏజెంటు పక్కన ఏళ్ల తరబడి కూర్చుంటేనే వస్తుంది. కానీ సైనిక వృత్తి అందుకు వీలివ్వదు. రెండు మూడేళ్లకో బదిలీ. స్థావరం, ఊరు, స్థానిక పోలీసులు, ప్రాసిక్యూటర్లు పరిచయమయ్యే సరికి పెట్టె సర్దుకోవాలి. ఇక బాగా పనిచేసే ఏజెంటుకు బయట గిరాకీ ఎక్కువ. రహస్య సమాచారం చూడటానికి కావాల్సిన భద్రతా క్లియరెన్సు ఉంది, దర్యాప్తు అనుభవం ఉంది, ఎఫ్‌బీఐ లాంటి సంస్థలు పిలుస్తాయి. కెరీర్ సలహాలు ఇచ్చేవాళ్లు దీన్నే పెద్ద ఆకర్షణగా చెబుతారు. వెళ్లేవాళ్లను నేను తప్పుపట్టను, వాళ్లకూ కుటుంబాలున్నాయి. కానీ ఈ ఉద్యోగం బయటి కొలువులకు మెట్టుగా మారిన కొద్దీ కేసులు మిగిలేది కొత్తవాళ్లకే. నష్టపోయేది బాధితురాలి తల్లి.

నష్టం బాధితులకే పరిమితం కాలేదు. అమెరికా రిజర్వు సైనిక దళమైన నేషనల్ గార్డ్‌లోకి కొత్తవాళ్లను చేర్పిస్తే బోనస్ ఇచ్చే పథకంలో మోసాలు జరిగాయని సీఐడీ భారీ దర్యాప్తు చేసింది. అందులో నేరం చేయని సైనికుల పేర్లు కూడా అనుమానితులుగా రికార్డుల్లోకి ఎక్కాయి. కేసు పెట్టకపోయినా, కోర్టుకు వెళ్లకపోయినా ఆ పేరు దశాబ్దాల పాటు డేటాబేస్‌లో ఉండిపోతుంది. ప్రమోషన్ దగ్గర, బయట ఉద్యోగానికి చేసే వెరిఫికేషన్ దగ్గర బయటపడుతుంది. చివరికి 2022లో దాదాపు 1,900 మంది ఫైళ్లను తిరిగి పరిశీలించాల్సి వచ్చింది. తప్పులు జరిగాయని సీఐడీ అధిపతే ఒప్పుకున్నారు. ఆర్థిక నేరాల దర్యాప్తులో ఆరితేరిన అధికారి అయితే సక్రమంగా డబ్బు తీసుకున్నవాడికీ మోసం చేసినవాడికీ తేడా పట్టుకునేవాడు. దర్యాప్తు రాని చేతుల్లో పడితే దోషి తప్పించుకుంటాడు, నిర్దోషి ఇరుక్కుంటాడు.

అమెరికా నేవీ ఈ పాఠం ముందే నేర్చుకుంది. 1991లో నేవీ పైలట్ల టెయిల్‌హుక్ సమావేశంలో మహిళలపై జరిగిన దాడుల దర్యాప్తు అభాసుపాలయ్యాక, 1992లో అక్కడి దర్యాప్తు విభాగాన్ని ఎన్‌సీఐఎస్‌గా మార్చి పౌర డైరెక్టర్ చేతికి ఇచ్చారు. ఆర్మీ ఆ పని చేయడానికి 2021 దాకా ఆగింది. గ్రెగరీ ఫోర్డ్ తొలి పౌర డైరెక్టరుగా వచ్చారు, పౌర ఏజెంట్ల నియామకాలు పెరిగాయి. నా ఉద్దేశంలో ఇది సరైన దారే. పౌర ఏజెంటును రెండేళ్లకోసారి కదిలించాల్సిన అవసరం లేదు. జీతంపై అదనంగా 25 శాతం అలవెన్సు, 57 ఏళ్లకు రిటైర్మెంటు, పింఛను ఉన్నాయి కాబట్టి ఇక్కడే వృత్తిజీవితం గడపవచ్చు. యుద్ధభూమికి వెళ్లగలిగే, బ్యారక్ జీవితం తెలిసిన యూనిఫాం ఏజెంట్లు కూడా కావాలి, నిజమే. వాళ్లకైనా పెద్ద కేసు నడుస్తుండగా బదిలీ ఆపే నిబంధన ఉండాలి.

మన సైన్యం సంగతి వేరు. 1950 ఆర్మీ చట్టం ప్రకారం చాలా నేరాల్లో కోర్ట్ మార్షలా, మామూలు కోర్టా అన్నది సైనికాధికారి నిర్ణయం. యూనిట్‌లో ఏదైనా జరిగితే ముందు కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ, అంటే అంతర్గత విచారణ బృందం, వేస్తారు. అందులో కూర్చునేది నిన్నటి దాకా ఫిరంగి దళంలోనో పదాతి దళంలోనో ఉన్న అధికారులు. నిజాయతీ ఉండొచ్చు, దర్యాప్తు వాళ్ల వృత్తి కాదు. 2023 ఏప్రిల్ 12న బఠిండా సైనిక స్థావరంలో నిద్రపోతున్న నలుగురు జవాన్లను కాల్చి చంపినప్పుడు, ముసుగులు వేసుకున్న ఇద్దరు ఆగంతకులను చూశానని ఒక జవాను చెప్పాడు. కొద్ది రోజుల్లోనే పంజాబ్ పోలీసులు అరెస్టు చేసింది ఆ సాక్షినే. పోలీసులతో కలిసి పనిచేయడం తప్పేం కాదు, ఆ కేసులో అదే ఫలితమిచ్చింది. కానీ కశ్మీర్ కొండల్లోని పోస్టులోనో, విదేశీ మిషన్‌లోనో జిల్లా పోలీసులు దొరకరు. 2021లో బెంగళూరులో శిక్షణ పూర్తిచేసుకున్న 83 మంది మహిళా మిలిటరీ పోలీసులకు నేర దర్యాప్తు కూడా పనుల్లో ఒకటి అని ప్రభుత్వం చెప్పింది. వాళ్లలో ఆసక్తి ఉన్నవాళ్లను ట్రాఫిక్, ఎస్కార్ట్ డ్యూటీల నుంచి తప్పించి, దర్యాప్తులోనే పదేళ్లు ఉంచే ప్రత్యేక కేడర్ ఏర్పాటు చేయాలి.

అమెరికాలో పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లల్లో కంప్యూటర్ సైన్స్, అకౌంటింగ్ చదివినవాళ్లు చాలామంది. సీఐడీకి ఇప్పుడు సైబర్, ఆర్థిక నేరాల్లో కావలసింది ఆ చదువులే. పౌరసత్వం తప్పనిసరి కాబట్టి హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఈ దారి లేదు. సాధారణంగా 37 ఏళ్లలోపే చేరాలి. దరఖాస్తు పెట్టే పిల్లలు జీతంతో పాటు ఒక ప్రశ్న తప్పక అడగాలి: మొదటి ఏడాది నా పక్కన కూర్చునే సీనియరు ఎన్నేళ్లుగా ఆ ఆఫీసులో ఉన్నాడు? ‘ఆర్నెల్లు’ అని జవాబు వస్తే వేరే ఆఫీసు చూసుకోవడం మంచిది.