అడగలేని వాళ్లకూ అందాల్సిన హక్కు

దసరా ముందు వరంగల్ జేపీఎన్ రోడ్డులో కాలు పెట్టే సందుండదు. పండుగ చీరలు, పిల్లల బట్టలు, గిన్నెలు, వీలైతే ఇంత బంగారం. ఏడాదంతా కూడబెట్టిన పైసలు ఆ కొద్దిరోజుల్లో చేతులు మారతాయి. అంత ఖర్చు పెట్టిన మనిషి చేతిలో చివరికి రుజువుగా మిగిలేది చాలాసార్లు ఒక చిట్టీ. పెన్నుతో రాసిన అంకెలు, అడుగున కూడిక. దుకాణం పేరుండదు, తేదీ ఉండదు. బిల్లు అడిగితే ‘బిల్లేం జేస్తవక్కా, ఏమన్నయితే నా దగ్గరికే తీస్కరా’ అంటారు. ఇంకొన్ని చోట్ల ‘బిల్లు గావాల్నంటే జీఎస్టీ పడతది’ అని రేటు పెంచుతారు. గరిష్ఠ చిల్లర ధరలోనే పన్నులన్నీ కలిసి ఉంటాయని ప్యాకెట్ మీద అచ్చయి ఉన్నా ఈ బేరం నడుస్తూనే ఉంది.

కొనేవాడికి ఈ దేశంలో చట్టం లేక కాదు. 1986 నాటి చట్టం స్థానంలో 2019లో తెచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని అందులో స్పష్టంగా రాశారు. లోపమున్న సరుకును వాపసు తీసుకోనని మొండికేయడమూ అంతే. బిల్లు మీద గడువేదీ చెప్పకపోతే 30 రోజుల్లోగా తీసుకుని డబ్బు తిరిగివ్వాలి. అయినా ‘ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న వాక్యం బిల్లుల అడుగునా, కౌంటర్ వెనక గోడ మీదా ఇంకా కనిపిస్తోంది. చట్టం తెలిసినవాడు గట్టిగా నిలబడితే యజమాని దిగొస్తాడు. తెలియనివాడు చిరిగిన బట్ట పట్టుకుని ఇంటిదారి పడతాడు.

నా బాధంతా ఇక్కడే ఉంది. కొనేవాళ్ల హక్కులన్నీ అడిగితేనే పనిచేసేలా రాసుకున్నాం. అడగాలంటే చదువు కావాలి, తీరిక కావాలి, ఎదురు మాట్లాడే ధైర్యం కావాలి, ఇప్పుడైతే చేతిలో స్మార్ట్‌ఫోన్ కూడా కావాలి. ఇవి లేనివాళ్లు ఎవరో మనందరికీ తెలుసు. వాళ్లకు పది రూపాయల నష్టం కూడా నష్టమే.

మా ఇంట్లో మిక్సీ కొన్న కొద్దివారాలకే కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. దుకాణానికి పోతే కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పొమ్మన్నారు. అక్కడివాళ్లు వారంటీ కార్డు తిప్పి చూసి దీని మీద దుకాణం ముద్ర లేదన్నారు. ముద్ర కోసం మళ్లీ దుకాణానికి వస్తే పాత తేదీతో ఇప్పుడు వేయడం కుదరదన్నారు. చివరికి మా మేనల్లుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాక కంపెనీ వాళ్లే ఫోన్ చేశారు, మోటారు మార్చి ఇచ్చారు. మా వాడకట్టులోనే ఒక అక్క బీడీలు చుట్టి దాచుకున్న డబ్బుతో అదే దుకాణంలో అదే మిక్సీ కొన్నది. ఆమెదీ అట్లనే కాలింది. కూలి పోగొట్టుకుని ఎన్నిసార్లు తిరగాలని సజ్జ మీద పెట్టేసింది. పచ్చడి రోట్లోనే నూరుకుంటోంది. మాకు మోటారు మార్చి ఇచ్చిన కంపెనీకి ఆ రకం మిక్సీలో లోపముందని తెలిసే ఉండాలి. కొన్న మిగతావాళ్ల సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఒక్కరి ఫిర్యాదు పదిమందికి ఉపయోగపడాలనే 2019 చట్టంలో సీసీపీఏ అనే కేంద్ర ప్రాధికార సంస్థను పెట్టారు. ప్రమాదకరమైన సరుకును మార్కెట్ నుంచి వెనక్కి రప్పించే అధికారం దానికి ఉంది. ఆ సంస్థ ఢిల్లీలో ఉంది, ఆ అక్క ఇక్కడ ఉంది. ఈ రెంటి మధ్య జిల్లా స్థాయిలో కదలాల్సిన యంత్రాంగం కదలడం లేదు.

అడగాలంటే ముందు చదవగలగాలి కదా. ప్యాకెట్ సరుకుల మీద బరువు, ధర, తయారీ నెల, ఫిర్యాదు చేయాల్సిన నంబరు తప్పనిసరిగా అచ్చు వేయాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. ఏ భాషలో? హిందీలో గానీ ఇంగ్లిష్‌లో గానీ. తెలుగులో కూడా వేస్తే వద్దనరు, వేయకపోతే అడగరు. అంటే కమలాపూర్‌లోనో పరకాలలోనో తెలుగు మాత్రమే చదవగలిగిన తల్లి పిల్లాడికి కొన్న పాలపొడి డబ్బా మీద గడువు తేదీ ఎక్కడుందో వెతుక్కోలేకపోయినా కంపెనీ నిబంధన పాటించినట్టే. పురుగుమందుల డబ్బాలకు మాత్రం, అవి అమ్ముడుపోయే ప్రాంతపు భాషలో కూడా వివరాలు ఇవ్వాలన్న షరతు ఎప్పటి నుంచో ఉంది. మిరప చేలో కొట్టే మందుకు సాధ్యమైంది పిల్లలు తాగే పాలకు ఎందుకు సాధ్యం కాదు? ఇక మందుల దుకాణంలో స్ట్రిప్ నుంచి నాలుగు బిళ్లలు కత్తిరించి చేతిలో పెడితే, గడువు తేదీ ఉన్న ముక్క చాలాసార్లు దుకాణంలోనే ఉండిపోతుంది. పూర్తి స్ట్రిప్ కొనలేని పేదవాడికే ఆ తేదీ దక్కదు.

ధరల సంగతికి వస్తే 2025 సెప్టెంబర్ 22 మరచిపోలేని తేదీ. జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులు ఎత్తేసి చాలా వస్తువులను 5, 18 శాతాల్లోకి తెచ్చారు. సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్, తలనూనె, బిస్కెట్లు 18 నుంచి 5 శాతానికి దిగాయి. సామాన్యుడికి నిజంగా మేలు చేయగల నిర్ణయమది, మనస్ఫూర్తిగా స్వాగతించాను. లెక్క కట్టి చూస్తే అంతకుముందు 100 రూపాయలున్న వస్తువు దాదాపు 89కి రావాలి. పెద్ద ప్యాకెట్ల మీద చాలావరకు తగ్గింపు కనిపించింది కూడా. మన కిరాణా కొట్టు గుమ్మానికి వేలాడేది మాత్రం ఎక్కువగా రూపాయి, రెండు, అయిదు, పది రూపాయల పొట్లాలే. రోజు కూలి మీద బతికే ఇళ్లలో షాంపూ సీసా ఉండదు, పొట్లమే ఉంటుంది. అయిదు రూపాయల పొట్లాన్ని నాలుగున్నరకు అమ్మలేరు కాబట్టి లోపలి సరుకు పెంచాలి. పెంచారో లేదో గ్రాములు చదివి, పాత పొట్లంతో పోల్చి చూసేదెవరు? పన్ను తగ్గినప్పుడు ఆ లాభం కొనేవాడికి చేర్చకపోతే విచారించేందుకు 2017లో పెట్టిన ప్రత్యేక వ్యవస్థే ఉండేది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ వ్యవస్థ కింద కొత్త ఫిర్యాదులు తీసుకోవడం ఆపేశారు. అంత పెద్ద తగ్గింపు వచ్చే నాటికి కాపలా లేకుండా పోయింది. మళ్లీ 1915కే ఫోన్ చేయమన్నారు. అంటే భారం మళ్లీ అడిగేవాడి మీదే.

దీనికి ముందు జరిగిన మరో మార్పు మీద పెద్దగా చర్చే జరగలేదు. ఒకప్పుడు బిస్కెట్లు, టీ పొడి, సబ్బుల వంటివాటిని నిర్ణీత బరువుల్లోనే ప్యాక్ చేయాలన్న షరతు ఉండేది. 2022లో దాన్ని తీసేశారు. బదులుగా గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో అచ్చు వేయాలన్నారు. ఆలోచన మంచిదే. ఆచరణలో ఆ అంకె చీమతల అంత అక్షరాల్లో, మడత పడే చోట ఉంటుంది. ధర మారకుండా ప్యాకెట్ మాత్రం సన్నబడుతోంది. ఆ అంకెను ధర పక్కనే అంతే సైజులో వేయించడం ప్రభుత్వానికి ఒక్క నోటిఫికేషన్‌తో అయ్యే పని.

తూకం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అందరికీ అనుభవమే. మిఠాయి అట్టపెట్టెతో సహా తూచడం తప్పు. సరుకు బరువే లెక్కించాలి. ఇంటి గ్యాస్ సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉండాలి, ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే రాసి ఉంటుంది, తూచి చూపమని అడగొచ్చు. ఇంటికి తెచ్చినందుకు బిల్లు మీద అదనంగా ఇవ్వనక్కర్లేదు. సూపర్ మార్కెట్లలో బిల్లుకు ఫోన్ నంబర్ తప్పనిసరి కాదని 2023 మే నెలలో కేంద్రమే చెప్పింది. ఆన్‌లైన్‌లో మనకు తెలియకుండా బుట్టలో సరుకు చేర్చడం లాంటి 13 రకాల ఎత్తులను అదే ఏడాది నవంబర్‌లో నిషేధించారు. అన్నీ ఉన్నాయి, అన్నీ అడిగితేనే.

ఈ మొత్తంలో నాకు గుండె మండేది విత్తనాల విషయంలో. చీర పోతే ఒక పండుగ పోతుంది. విత్తనం మోసం చేస్తే ఆ ఇంటికి ఏడాది పోతుంది. 2025లో బీటీ పత్తి ప్యాకెట్‌కు కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ ధర 901 రూపాయలు. విత్తనం ఉత్తదని తేలేసరికి దుక్కి కూలి, ఎరువు, కలుపు, కౌలు అన్నీ పెట్టేసి ఉంటారు. 901 రూపాయలు వాపసిస్తే అందులో ఏది తిరిగొస్తుంది? మిరపలో ఇంకా ఘోరం, పెట్టుబడి అంతకు ఎన్నో రెట్లు. ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల, ఆసిఫాబాద్ దిక్కు కలుపు మందును తట్టుకునే, అనుమతి లేని పత్తి విత్తనాన్ని లూజుగా, రాత్రిపూట ఊళ్లకు తెచ్చి అమ్ముతారు. కలుపు కూలి తగ్గుతుందన్న ఆశతో రైతు కొంటాడు. దానికి బిల్లెక్కడిది? పోతే అడగడానికి దారి కూడా లేదు.

బిల్లుతో కొన్న రైతుకు మాత్రం బలమైన ఆసరా ఉందని చాలామందికి తెలియదు. విత్తనం కొన్న రైతు వినియోగదారుడే అని సుప్రీంకోర్టు 2012 జనవరిలో తేల్చి చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు జాతీయ విత్తన సంస్థ మీద గెలిచిన కేసు అది. రైతు వ్యాపారం కోసం కొంటాడు కాబట్టి వినియోగదారుడు కాడన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. పరీక్షకు విత్తనం దాచి ఉంచలేదు కాబట్టి కేసు చెల్లదన్న వాదననూ తోసిపుచ్చింది. కొన్న విత్తనమంతా చేనులో చల్లేవాడిని నమూనా తెమ్మనడం న్యాయం కాదన్నది. తీర్పు వచ్చి ఇన్నేళ్లయినా ఏనుమాముల మార్కెట్ గేటు దగ్గర గానీ, ఊళ్లోని విత్తనాల దుకాణం గోడ మీద గానీ ఈ ముక్క తెలుగులో రాసి పెట్టింది నేను చూడలేదు. ప్రతి వానాకాలం ముందు అధికారులు దాడులు చేస్తారు, క్వింటాళ్ల కొద్దీ నకిలీ విత్తనం పట్టుబడిందని వార్తలొస్తాయి. పట్టుబడనిది ఏ చేలో పడిందో నవంబర్‌లో గానీ బయటపడదు.

చిన్న దుకాణదారుల మాట కూడా వినాలి. బీట్ బజార్‌లో టోకున సరుకు తెచ్చుకునే కిరాణా వ్యాపారికి పైనుంచే సరైన బిల్లు రాదు. గడువు తీరిన ప్యాకెట్లను డిస్ట్రిబ్యూటర్ వాపసు తీసుకోడు. మాల్స్‌తో, ఆన్‌లైన్ రాయితీలతో పోటీపడి రోజంతా కూర్చుంటే మిగిలేది తక్కువ. నెలాఖరు దాకా ఖాతా రాసుకుని బియ్యం, పప్పు ఇచ్చేది కూడా ఆయనే, ఏ యాప్ కాదు. అందుకే తనిఖీ అంటూ మొదలుపెడితే అది తయారీదారు దగ్గర, టోకు గోదాం దగ్గర మొదలవ్వాలి. అడుగున ఉన్న కొట్టు మీద జరిమానా రాసి చేతులు దులుపుకుంటే మోసం ఆగదు, ఆ కొట్టు మూతపడుతుంది.

ఇక వినియోగదారుల కమిషన్. 50 లక్షల రూపాయల దాకా కొనుగోళ్ల ఫిర్యాదులు జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కంపెనీ ముంబైలో ఉన్నా మనం నివసించే చోటే కేసు వేసుకోవచ్చు. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. పరీక్షలు అవసరం లేని కేసు మూడు నెలల్లో, అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. ఇంత మంచి ఏర్పాటుకు మనుషులను నియమించడంలో మాత్రం రాష్ట్రాలు ఎంత అలసత్వం చూపాయంటే, ఖాళీల మీద 2021లో సుప్రీంకోర్టే తనంతట తానుగా విచారణ మొదలుపెట్టాల్సి వచ్చింది. వాయిదాల మీద వాయిదాలు పడుతుంటే కూలి మనిషి మూడోసారి రాడు. అవతలి పక్షం లెక్క కూడా అదే.

నా దేశం మీద నాకు ఆశ లేకపోతే ఇదంతా రాయను. మంచి జరగడం కళ్లారా చూస్తున్నాం. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అది అడిగినవాడికే కాదు, కార్డున్న ప్రతి ఇంటికీ అందుతుంది. 2023 ఏప్రిల్ నుంచి అక్షరాలు, అంకెలు కలిపి ఆరుండే హాల్‌మార్క్ గుర్తింపు లేని బంగారు నగ అమ్మకూడదన్నారు. ఇప్పుడు కొనేవాడికి గీటురాయి పరీక్ష తెలియకపోయినా ఫర్వాలేదు, నగ మీద ముద్ర ఉండి తీరాలి. రెండు చోట్లా భారం అమ్మేవాడి మీద, ప్రభుత్వం మీద పెట్టారు. కొనేవాడి తెలివితేటల మీద పెట్టలేదు. అదే పద్ధతి సబ్బుకూ బిళ్లకూ మిక్సీకీ విత్తనానికీ రావాలి.

వరంగల్, హనుమకొండ జిల్లాల అధికారులు ఢిల్లీ కోసం ఎదురుచూడకుండా చేయగలిగినవి కూడా ఉన్నాయి. జేపీఎన్ రోడ్డు, హనుమకొండ చౌరస్తా, కాజీపేట దుకాణాల్లో దసరాకు ముందే బిల్లు పుస్తకాలు, కాటాలు తనిఖీ చేయండి. ‘వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డులు తీయించండి. ప్రతి రేషన్ దుకాణం గోడ మీద 1915 నంబరు, జిల్లా కమిషన్ చిరునామా తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. విత్తనాల దుకాణాల్లో లాట్ నంబరు, రైతు పేరు ఉన్న బిల్లు ఇవ్వనివాళ్ల లైసెన్సు ఆ సీజన్‌కే ఆపండి. మృగశిర కార్తె రాకముందే ఇది జరగాలి. విత్తనం మట్టిలో పడ్డాక తనిఖీ చేసి లాభం లేదు.