అచ్చు కాని పుస్తకానికి అచ్చుతప్పులుండవు

ఈమధ్య ఎటు చూసినా రచయితలకు ధైర్యం నూరిపోసేవాళ్ళే. సందేహం వదిలెయ్యండి, రాసింది బయటపెట్టండి అంటూ రీళ్ళు, శిబిరాలు, వారాంతపు వర్క్‌షాపులు. కొన్నిచోట్ల మధ్యాహ్నం భోజనం కూడా పెడుతున్నారు. పాపం, భయం తరఫున మాట్లాడే నాథుడే లేడు. వకీలును పెట్టుకునే స్తోమత లేని ముద్దాయికి కోర్టే ఒకరిని కేటాయిస్తుంది గదా, ఈ కేసులో ఆ వకీల్ని నేననుకోండి. ఫీజు అక్కర్లేదు.

ముందు శాస్త్రం సంగతి. 1978లో పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పత్రం రాశారు. చదువుల్లో, ఉద్యోగాల్లో బాగా పైకొచ్చిన స్త్రీలలో చాలామంది "నాకు నిజంగా అంత తెలివి లేదు, అందరూ పొరబడుతున్నారు, ఏదో ఒకనాడు నా బండారం బయటపడుతుంది" అని లోలోపల నలిగిపోతుంటారని అందులో చెప్పారు. ఇంపోస్టర్ సిండ్రోమ్ (నేనో దొంగవేషగాణ్ణేమోనన్న బెంగ) అంటూ ఇవాళ పిల్లలు కూడా వాడుతున్న మాట అక్కడి నుంచి పుట్టిందే. ఇందులో మనం గర్వించాల్సిన విషయం ఒకటుంది. ఆ అమెరికా స్త్రీలు ముందు గెలిచి, తరవాత బెంగ పెట్టుకున్నారు. మనవాళ్ళకి అంత ఓపిక ఎక్కడిది? బెంగ ముందే తెచ్చేసుకుని, గెలుపు సంగతి తరవాత చూద్దామన్నారు. బయటపడటానికి ఏ బండారమూ లేనివాడు కూడా బండారం బయటపడుతుందని వణకడం అచ్చంగా మన సొంత ఆవిష్కారం. దీనికి పేటెంటు తీసుకోలేదెందుకని అడక్కండి. దరఖాస్తు రాసే ఉంది, ఇంకోసారి చూసుకుని పంపుదామని ఆగారు.

సంప్రదాయమూ మన వైపే ఉంది. నన్నయ భారతాన్ని తెనిగిస్తూ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. రెండు శతాబ్దాల తరవాత వచ్చిన తిక్కన ఆ మిగిలిన ముక్క జోలికి పోకుండా విరాటపర్వంతో మొదలుపెట్టాడు. అది ముట్టుకుంటే అరిష్టమని భయపడ్డాడని జనం చెప్పుకుంటారు. ఆ తరవాత ఎర్రన వచ్చి దాన్ని పూర్తిచేశాడు గానీ, తన పేరు ముందుకు తెచ్చుకోకుండా నన్నయే రాస్తున్నట్టుగా రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. "తిక్కన మిగతా పదిహేను పర్వాలూ రాశాడు కదా" అని కొందరు వాదనకు దిగుతారు. అది అప్రస్తుతం. ఆయన రాసిన పదిహేనూ ఆయనవి. వదిలేసిన ఆ సగం మాత్రం మనందరిదీ.

ఇక గెలుపు అంటే భయం. దీన్ని వెర్రి అంటున్నారు. శ్రీనాథుణ్ణి అడగండి. విజయనగరంలో గౌడ డిండిమభట్టు అనే పండితుణ్ణి ఓడించి, ఆయన కంచుఢక్క పగలగొట్టించి, కనకాభిషేకం చేయించుకున్నాడని అందరికీ తెలుసు. చివరికేమైంది? బొడ్డుపల్లె గుత్తకు తీసుకుంటే పంట కృష్ణ పాలైంది, మిగిలింది పిట్టల పాలైంది, ఏడువందల టంకాల శిస్తు కట్టలేక శిక్షగా భుజాన రాయి మోశాడని ఆయన పేరుమీద ఉన్న చాటువు చెబుతోంది. కనకాభిషేకానికీ వరదకూ సంబంధమేమిటని చరిత్రకారులు అడుగుతారు. వాళ్ళ పని అడగడమే. మనం మాత్రం బంగారం దగ్గరికి పోకుండా జాగ్రత్తపడదాం.

అంత వెనక్కెందుకు, 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పెట్టిన ప్రపంచ కథల పోటీలో పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన'కు రెండో బహుమతి వచ్చింది. అప్పట్నుంచీ ఆయన పేరెత్తితే గాలివాన, గాలివాన ఎత్తితే ఆయన. మిగతా కథలు ఎన్ని రాసినా అవన్నీ ఆ వానలోనే తడుస్తూ నిలబడ్డాయి. ఒక్క కథ గెలిస్తే తోబుట్టువుల గతి ఇదన్నమాట. మన కథలన్నీ సమానంగా చీకట్లో ఉన్నాయి. ఒకదాన్ని చూసి ఇంకొకటి ఏడిచే పని లేదు.

కాబట్టి ఆగాలి. ఎలా ఆగాలన్నదే ప్రశ్న. రోజులు మునుపటిలా లేవు. ఒకప్పుడు డీటీపీవాడు 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టింది యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్‌లోనైనా కనిపించే అక్షరాల్లోకి, మారిస్తే ఒత్తులన్నీ చెల్లాచెదురై, వాటిని ఏరుకోవడానికే ఒక ఏడాది గడిచేది. ఎంత హాయి! ఇప్పుడు కుర్రాళ్ళు నేరుగా ఫోన్‌లోనే యూనికోడ్‌లో కొట్టేస్తున్నారు. ఐఎస్‌బీఎన్ అనే పుస్తకాల గుర్తింపు నంబరు ఖరీదైన వ్యవహారమేమోలే అని ఊరట పడదామంటే ప్రభుత్వం దాన్ని ఉచితంగా ఇస్తోంది. ఇలా ఒక్కో సాకూ లాగేసుకుంటూ పోతే రచయిత దేన్ని పట్టుకుని బతకాలి?

అయినా నిరాశ వద్దు. పుస్తక ప్రదర్శనలు ఉన్నాయి. "డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి తెద్దాం" అనుకోవాలి. నవంబరు చివర్లో "హడావుడిగా తెస్తే బాగోదు, జనవరిలో విజయవాడకి చూద్దాం" అనాలి. జనవరిలో సంక్రాంతి వస్తుంది, పండగ పూట ప్రూఫులేమిటి? ఫిబ్రవరి నుంచి మళ్ళీ డిసెంబరే కనిపిస్తూ ఉంటుంది. వయసు కూడా సాయం చేస్తుంది. కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం ముప్పై ఐదేళ్ళలోపు వాళ్ళకే. అందాకా కాస్త బిగబట్టుకుని కూర్చుంటే ఒక గండం దానంతటదే గడిచిపోతుంది.

ఇంత చెప్పినా వినకుండా పుస్తకం తెచ్చారే అనుకోండి. ఐదొందల కాపీలు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో ఆవిష్కరణ. కింద కూర్చున్నవాళ్ళకంటే వేదిక మీద ఉన్నవాళ్ళు ఎక్కువైనా, ఏప్రిల్ ఎండల్లో మెడకు శాలువా తప్పదు. మొదటి వక్త "పుస్తకం ఇప్పుడే చేతికొచ్చింది, పూర్తిగా చదవలేదు గానీ" అని మొదలుపెట్టి నలభై నిమిషాలు మాట్లాడతాడు. రెండో వక్త తన పుస్తకం గురించి మాట్లాడతాడు. మర్నాటి నుంచి "కంగ్రాట్స్, నాకో కాపీ పంపించు" అనే ఫోన్లు. వెల నూటయాభై అని చెబితే అవతల నిశ్శబ్దం, ఆపైన "పీడీఎఫ్ ఉందా?"

ఇవన్నీ చిల్లర బాధలు. అసలు ప్రమాదం పుస్తకాన్ని నిజంగా చదివేవాళ్ళతో ఉంది. తెలుగు రచయిత విమర్శకుడికి భయపడతాడని లోకం అనుకుంటుంది. విమర్శకుడు ఏం చేస్తాడు, శిల్పం పలచబడిందంటాడు. కాసేపు బాధపడి, వాడికేం తెలుసని కాఫీ తాగుతాం. మేనత్త అలా కాదు. ఆవిడ ఏ పెళ్ళిలోనో, సరిగ్గా మామిడికాయ పప్పు వడ్డించే వేళకి పక్కన చేరుతుంది.

"ఏరా, ఆ కథలో నగలు తాకట్టుపెట్టి విడిపించకుండా ఎగ్గొట్టినాయన ఎవర్రా?"

"ఎవరూ కాదత్తయ్యా, కల్పన."

"కల్పనకి మీ మావయ్య నడకే ఎందుకొచ్చిందిరా?"

దీనికి ఏ అలంకారశాస్త్రంలోనూ జవాబు లేదు. కథ రాసింది కోడలైతే విచారణ మరీ నిక్కచ్చిగా ఉంటుంది. ఆమె కథలో ఎవరైనా ఇల్లు విడిచి వెళ్ళిపోతే ఇంట్లో సూట్‌కేసులు లెక్కపెడతారు. మంచి అత్తగారిని రాస్తే "ఎవర్ని ఎత్తిపొడుస్తున్నావ్?" అంటారు, చెడ్డ అత్తగారి గురించైతే చెప్పనే అక్కర్లేదు. అత్తగారే లేకుండా రాస్తే మనసులో ఉన్నది బయటపడిందంటారు. "నా రచన అంత బాగోలేదేమో" అని ఆమె నలుగురిలో అంటుంటే వినయమనుకుంటాం. బాగుందని, ఉన్నదున్నట్టు వచ్చిందని ఆమెకు తెలుసు. ఆ కథలు దాచిన డ్రాయరుకి తాళం పడింది అందుకే. మనం ఆత్మన్యూనత అని పిలుచుకునేదాంట్లో సగం ఇలాంటి ముందుజాగ్రత్తేనని, మిగతా సగం బద్ధకమని నా అనుమానం. వకీలు ఇలా మాట్లాడకూడదు, రికార్డుల్లోంచి తొలగించండి.

రాసి దాచుకునేవాళ్ళు స్నేహితుల విషయంలోనూ జాగ్రత్తగా ఉండాలి. కాఫ్కా అనే రచయిత తన రాతప్రతులు చదవకుండా తగలబెట్టమని స్నేహితుడు మాక్స్ బ్రాడ్‌కి రాసిపెట్టాడు. 1924లో కాఫ్కా పోయాడు, మరుసటి ఏడాదికల్లా బ్రాడ్ వాటిలోంచి ఒక నవల అచ్చేయించాడు. మన స్నేహితులతో ఆ బెడద లేదు. "నవల పంపాను, చదివావా?" అంటే "ఈ వీకెండ్ కూర్చుంటాను" అని మూడేళ్ళుగా అంటున్నవాడు మన కాలపు ఉత్తమ మిత్రుడు.

అవతలి పక్షం వాళ్ళ సాక్షులు కూడా ఉన్నారు, దాచడమెందుకు. రావూరి భరద్వాజ గారి బడిచదువు ఎనిమిదో తరగతి దాటలేదు. "నాకేం అర్హత ఉంది" అనడానికి ఆయన కంటే హక్కున్నవాళ్ళు తక్కువ. ఆ హక్కు వాడుకోకుండా ఏళ్ళ తరబడి రాసుకుంటూ పోయి 2012 సంవత్సరానికి జ్ఞానపీఠం తెచ్చుకున్నారు. ఇలాంటివాళ్ళను ఉదాహరణగా చూపించడం మన ఉద్యమానికి చాలా హాని చేస్తుంది.

నాకు తెలిసినావిడ ఒకరున్నారు. చిన్న ఊరు, బ్యాంకు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, పైన చెప్పిన అత్తగారు. రెండు కథా సంపుటాలు తెచ్చారు. ఈవిడకి భయమంటే ఏమిటో తెలియదేమోనని జాలిపడి అడిగాను.

"అయ్యో, ఉందండీ. కథ పంపిన రాత్రి నిద్రే పట్టదు" అన్నారు.

"మరి ఆ భయం తగ్గాక పంపొచ్చు కదమ్మా?"

"తగ్గేదాకా ఆగితే ఆ కథ కాస్తా పాతబడిపోతుందండీ. అలాగే పంపేస్తాను. పడుకోకపోతే ఏముంది, ఇంకోటి మొదలుపెట్టుకుంటాను."

భయపడే పద్ధతి ఇదేనా? భయపడినవాళ్ళు ఊరుకోవాలి, ఊరుకోలేనివాళ్ళు భయపడకూడదు. రెండూ చేస్తామంటే ఇక మాలాంటి నిష్ఠాగరిష్ఠులకి విలువేముంటుంది? పైగా ఆవిడ మూడో సంపుటికి ముందుమాట నన్నే రాయమన్నారు. ఆలోచించుకుని చెబుతానన్నాను. పుస్తకం ప్రెస్సుకి వెళ్ళిపోయిందట.