జె స్ట్రోక్ గారికి ఒక ప్రదక్షిణ భక్తుడి లేఖ

జె స్ట్రోక్ గారికి,

ఇక్కడ నేను క్షేమం. కెనూ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) మాత్రం ఇంకా గిరగిరా తిరుగుతూనే ఉంది. ఒకే పక్క తెడ్డు వేసినా దాన్ని తిన్నగా నడిపించే తెడ్డువేత మీరేనని విని, మిమ్మల్నే నమ్ముకున్నాను.

పోయిన శనివారం కెనడాలోని అంటారియోలో ఉన్న అల్గాంక్విన్ పార్కులో, కెనూ లేక్ మీద, రెండు గంటలు మీకోసం తపస్సు చేశాను. కుడివైపు తెడ్డు వేస్తే పడవ ఎడమకు తిరిగింది. ఇంకా గట్టిగా వేశాను. ఇంకా త్వరగా తిరిగింది. మా ఊళ్లో నవగ్రహాలకు కూడా అన్ని ప్రదక్షిణలు చేసి ఉండను.

తెడ్డు నడుము దగ్గరకు రాగానే పైచేతి బొటనవేలు కిందికి తిప్పి, తెడ్డు ఆకును (నీళ్లలో మునిగే వెడల్పు భాగాన్ని) పడవకు దూరంగా కాస్త నెడితే చాలన్నారు. నా వేలేమో లైక్ కొట్టినట్టు పైకే లేస్తుంది. అలా వేసినా పడవ తిన్నగానే పోతుందనుకోండి, కాకపోతే బ్రేకు మీద కాలు పెట్టి బండి నడిపినట్టు. ద్రోణుడే నయం, వేలు ఒక్కసారే అడిగాడు. మీరు తెడ్డు వేసిన ప్రతిసారీ అడుగుతారు.

అసలు మీ పేరే సగం మోసం. ఎడమవైపు వేస్తేనే తెడ్డు జాడ నీళ్లలో ఇంగ్లీషు జె (J)లా పడుతుంది. కుడివైపు వేసేవాడికి తిరగేసిన జె!

ఇక కూర్చోవడం. ఇద్దరు తోలే పడవ అద్దెకిచ్చారు. డ్రైవరు సీటు కదా అని వెనక కూర్చున్నా. ముందు కొస పైకి లేచి, గాలి ఎటు తోస్తే అటు తిరిగింది. ఒడ్డు మీంచి ఒక పెద్దాయన, ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చోమని అరిచాడు. వెటకారం అనుకున్నా. నిజమేనట, అప్పుడు బరువు పడవ నడిమికి వస్తుంది. ఇదే పార్కులో గైడుగా చేసిన ఓమర్ స్ట్రింగర్ అయితే నడిమధ్య మోకాళ్ల మీద కూర్చుని, పడవను ఒక పక్కకు ఒరిగించి ఒంటరిగా నాట్యమాడించేవాడట. నేను చివరిసారి మోకాళ్ల మీద కూర్చుంది ఏడో తరగతిలో, ఎక్కాలు రానందుకు.

1917లో చిత్రకారుడు టామ్ థామ్సన్ ఈ సరస్సు మీదకే ఒంటరిగా కెనూలో వెళ్లి శవమై తేలాడు. పడవ బాగా తెలిసిన మనిషి. అది గుర్తొచ్చి లైఫ్ జాకెట్ బకిల్ మూడుసార్లు చూసుకున్నా.

ఇంటికొచ్చాక తెలిసింది, తప్పంతా మీది కాదని. తెడ్డును నడుము దాటించి వెనక దాకా లాగుతున్నా. అక్కడ అది పడవను తోయడం మాని తిప్పడం మొదలుపెడుతుంది. కర్ర కూడా నిటారుగా పట్టడం లేదు. అంటే మీరు సర్దాల్సిన వంకరను నేనే పెంచి పోషించి, పైగా మీ మీద ఫిర్యాదు రాస్తున్నా.

క్షమాపణ మాత్రం అడగను, భుజాలు ఇంకా లాగుతున్నాయి. వచ్చే శనివారం మళ్లీ వస్తున్నా. ఈసారి ఎడమవైపు వేస్తా. కనీసం అక్షరమైనా సరిగ్గా పడుతుంది.

ఇట్లు,
తమ విధేయుడు
(ముందు సీటు, వెనక్కి తిరిగి)