దంపతులకు ఆర్‌ఏసీ కేటాయించాలి

తెలుగు గృహస్థుకు మనసు విప్పి మాట్లాడటం చేతకాదన్న ఆరోపణ పూర్తిగా నిరాధారమని ముందుగా మనవి చేస్తున్నాను. చక్కగా చేతనవును. అందుకు కావలసిందల్లా ఒక రైలు, ఎదుటి సీట్లో ముక్కూమొహం తెలియని ఒక మనిషి. సాయంత్రం విశాఖపట్నంలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కిన పెద్దమనిషి దువ్వాడ దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడు. అనకాపల్లిలో "మీదే ఊరండీ?" అన్న ప్రశ్నకు జవాబిస్తాడు. తుని వచ్చేసరికి తన షుగరు ఎంతుందో, తమ్ముడితో పొలంగట్టు తగాదా ఎక్కడ ఆగిందో, ఇంట్లో చెప్పకుండా చేసిన అప్పు ఎంతకు పెరిగిందో అన్నీ ఆ ఎదుటి మనిషికి తెలిసిపోతాయి. సామర్లకోటలో ఇడ్లీ పొట్లం విప్పుకుంటూ, రిటైరైన మర్నాటి నుంచి తన్నెవరూ పలకరించరేమోనని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని కూడా ఒప్పుకుంటాడు. సరిగ్గా అప్పుడే ఇంటి నుంచి ఫోన్ వస్తే, "ఆఁ, తింటున్నా. ఆఁ, బానే ఉంది. ఉంటా" అని ముగించి, "మా ఆవిడండీ" అని పరిచయం చేసి, ఆగిన చోటి నుంచి కథ మళ్లీ అందుకుంటాడు.

దీన్ని ఎవరూ మన జాతి లోపంగా భావించనక్కర్లేదు. పరాయివాడికే మనుషులు గుట్టు విప్పుతారని జర్మన్ సామాజికశాస్త్రవేత్త జార్జ్ జిమ్మెల్ 1908లోనే రాశాడు. అమెరికాలో మనస్తత్వశాస్త్రవేత్త జిక్ రూబిన్ బోస్టన్ విమానాశ్రయంలో విమానం కోసం వేచి ఉన్నవారి చేత తమ గురించి నాలుగు మాటలు రాయించి, అడిగినవాడు ముందు తన సంగతి కొంత బయటపెడితే వాళ్లూ అదే పాళంలో బయటపెడతారని 1975లో చూపించాడు. కారణం తేలికే. ఎదుటివాడు వరంగల్‌లో దిగిపోతాడు. మనం చెప్పిన అప్పు సంగతిని రేపు పొద్దున్న కాఫీ గ్లాసుతో పాటు మన ముందు పెట్టడు, వచ్చే సంక్రాంతికి మన బావమరిది ఎదుట ఎత్తడు. మరో మనస్తత్వశాస్త్రవేత్త ఆర్థర్ ఆరన్ బృందం 1997లో ప్రయోగశాలలో కొత్తవాళ్లను జంటలుగా కూర్చోబెట్టి, 36 ప్రశ్నలిచ్చి, 45 నిమిషాల్లో వాళ్ల మధ్య దగ్గరితనం పుట్టించింది. నాలుగు నిమిషాల్లో మీ జీవితకథ చెప్పండన్నది అందులో ఒక ప్రశ్న. ఇంటిపేరు, వియ్యాలవారి ఊరు చెప్పడానికే ఆ నాలుగు నిమిషాలు చాలవు కనుక, మన రైలు పద్ధతే శ్రేష్ఠమని నా అభిప్రాయం.

ఇక ఇంటి సంగతి. ముప్ఫయ్యేళ్లు కాపురం చేశాక మాటలతో పనేమిటి, చూపులు చాలవా అని మన గృహస్థులు గర్వంగా అడుగుతారు. అమెరికా పరిశోధకులు సావిట్‌స్కీ, కేసర్, ఎప్లీ మొదలైనవారు ఈ గర్వాన్ని 2011లో పరీక్షకు పెట్టారు. 24 జంటలను తీసుకుని, భార్యాభర్తలనూ పరాయివారినీ వీపులు తిప్పి కూర్చోబెట్టి, రెండు మూడు అర్థాలొచ్చే మాటలు అనిపించి, ఎవరి మాట ఎవరికి అర్థమవుతుందో లెక్క చూశారు. భార్యాభర్తలు పరాయివారి కంటే మెరుగేమీ కాలేదు. మెరుగన్న నమ్మకం మాత్రం వారికి దండిగా ఉంది. ఏసీ పెంచమనే ఉద్దేశంతో భార్య "ఉక్కగా ఉంది" అంటే భర్త దాన్ని సరసంగా పొరబడవచ్చునని ఆ పరిశోధకులు ఉదాహరణ ఇచ్చారు. మన ఇళ్లలో అంతటి ప్రమాదం లేదు. శివరాత్రి నుంచీ ఏసీ సర్వీసింగ్ గురించి చెబుతున్న ఇల్లాలు "ఉక్కగా ఉందండీ" అంటే, భర్త పేపరు దించకుండా, "ఈసారి రుతుపవనాలు ఆలస్యంట" అని వాతావరణ శాఖ తరఫున బదులిస్తాడు.

అమెరికాలోని సియాటిల్‌లో దాంపత్యాలను పరిశోధించే జాన్ గాట్‌మన్ చేసిన లెక్క ఇంకా కఠినమైనది. ఆయన కొత్త దంపతుల చిన్న చిన్న పలకరింపులను గమనించి, ఆరేళ్ల తరువాత మళ్లీ వాకబు చేశాడు. కలిసి ఉన్నవారు అలాంటి పిలుపులకు నూటికి 86 సార్లు పలికినవారనీ, విడిపోయినవారు 33 సార్లే పలికినవారనీ తేలింది. "ఏమండీ, ఎదురింటివాళ్లు బాల్కనీలో గోంగూర వేశారు, చూశారా?" అన్నది అటువంటి పిలుపే, ఆవిడకు కావలసింది గోంగూర కాదు, ఆ కిటికీ దగ్గర ఆయన ఒక్క నిమిషం నిలబడటం. దానికి ఫోన్‌లోంచి తల ఎత్తకుండా వచ్చే "ఊఁ"ను కూడా పలకడం కిందే జమ కట్టాలని గృహస్థుల వాదన. అలా జమ కడితే మన శాతం నూరు దాటుతుంది, ఎందుకంటే కొందరు ఆవిడ నోరు తెరవకముందే "ఊఁ" అంటారు.

లోతుగా ఆలోచిస్తే తప్పు మనుషులది కాదు, బెర్తులది. పూర్తి బెర్తు ఇంకా ఖాయం కాని ఆర్‌ఏసీ టికెట్‌పై సైడ్ లోయర్‌లో చెరిసగం పంచుకున్న ఇద్దరు మోకాళ్లు తగిలేలా ఎదురెదురుగా కూర్చుంటారు, కాళ్లెక్కడ పెట్టుకోవాలో ఒకరినొకరు అడుగుతారు, చలేస్తోందేమోనని దుప్పటి ఇవ్వబోతారు. టీటీఈ వచ్చి బెర్త్ కన్ఫర్మ్ చేసిన మరుక్షణం అటు తిరిగి పడుకుంటారు. మన దంపతులకు పెళ్లిపీటల మీదే కన్ఫర్మ్ అయిపోయింది. కాబట్టి ఇకపై కట్టే ప్రతి అపార్ట్‌మెంటులోనూ, స్విమ్మింగ్ పూల్ ఉన్నా లేకపోయినా, హాలులోని సోఫా స్థానంలో ఒక సైడ్ లోయర్ సీటు అమర్చాలనీ, దంపతులు రోజూ కనీసం తుని నుంచి సామర్లకోట వరకు పట్టేంత సేపు అందులో ఎదురెదురుగా కూర్చోవాలనీ ప్రతిపాదిస్తున్నాను.

ఇన్నేళ్ల తరువాత అపరిచితుల్లా మాట్లాడుకోవడం సాధ్యమా అని కొందరు సందేహించవచ్చు. ఆవిడ పెళ్లికి ముందు ఏమవుదామనుకుందో, ఈమధ్య దేనికి భయపడుతోందో భర్తను అడిగి చూడండి. ఆయన "ఏమోనండీ, ఎప్పుడూ అడగలేదు" అంటాడు. ఆవిడను అడిగితే, ఆ అప్పు సంగతి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒకాయనకు తెలుసునని కూడా ఆవిడకు తెలియదు. ఈ పథకానికి కావలసిన అపరిచయం ఇళ్లలో ఇప్పటికే సమృద్ధిగా ఉంది గనుక ప్రత్యేక శిక్షణ శిబిరాల ఖర్చు ప్రభుత్వానికి తప్పుతుంది.

సీటు పక్కన చార్జింగ్ పాయింట్ ఎవరి వైపు ఉండాలన్న విషయంలో భర్తల నుంచి అప్పుడే అభ్యర్థనలు మొదలయ్యాయి. అసలు ఉండకూడదని నా సిఫారసు.