బెదిరించిన మాటను ఉన్నదున్నట్టు రాయండి

"మీ అబ్బాయి నైట్ డ్యూటీ దిగి ఏ దారిలో వస్తాడో మాకు తెలుసమ్మా."

గట్టు తగాదాలో దావా వేసిన ఒక పెద్దావిడతో అవతలివాళ్లు అన్న మాట ఇది. గొంతు పెంచలేదు, తిట్టలేదు, చివర్లో 'అమ్మా' అని కూడా అన్నారు. ఆవిడకు ఆ రాత్రి నుంచి కంటిమీద కునుకు లేదు. స్టేషన్‌లో ఇవ్వడానికి రాయించిన అర్జీలో మాత్రం "అసభ్య పదజాలంతో దూషించి, అంతు చూస్తామని బెదిరించినారు" అని ఉంది. ఆ కాగితం నేను చదివాను. ఆవిడ చెప్పిన మాట అందులో ఎక్కడా లేదు. బెదిరింపు కేసులు కోర్టు దాకా వెళ్లకముందే ఇలాంటి కాగితాల మీదే వీగిపోతున్నాయి.

చట్టంలో బలం లేక కాదు. పాత ఐపీసీ 503, 506, 507 సెక్షన్లు 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 351గా ఒక్కచోటికి చేరాయి. ఒంటికే కాదు, పరువుకు, ఆస్తికి హాని చేస్తామని భయపెట్టినా నేరమే. మామూలు బెదిరింపుకు రెండేళ్ల వరకు, చంపుతామనో తగలబెడతామనో అంటే ఏడేళ్ల వరకు జైలు. పేరు దాచుకుని బెదిరిస్తే దానిపైన మరో రెండేళ్ల దాకా వేయవచ్చు. సివిల్ దావా మానుకోకపోతే ఇల్లు కాల్చేస్తాననడాన్ని 1860 నాటి చట్టమే ఉదాహరణగా ఇచ్చింది. మన గట్టు తగాదాలను చూసి రాసినట్టే ఉంటుంది.

కేంద్రం షెడ్యూలులో ఇది నాన్ కాగ్నిజబుల్ నేరం, అంటే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేనిది. కొన్ని రాష్ట్రాలు పాత సెక్షన్‌ను నోటిఫికేషన్లతో కాగ్నిజబుల్ చేసుకున్నాయి, అది వేరే చర్చ. నాన్ కాగ్నిజబుల్ ఫిర్యాదు వస్తే దాని 'సారాంశం' పుస్తకంలో రాసుకుని మనిషిని మేజిస్ట్రేట్ దగ్గరకు పంపమంటుంది పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 174వ సెక్షన్. నాకు కడుపు మండేది ఆ సారాంశం దగ్గరే. దొంగతనానికి సారాంశం రాయొచ్చు. బెదిరింపులో అన్న మాటే నేరం కదా, ఆ మాట తీసేశాక ఇక రాయడానికి ఏముంది?

బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో కామెంట్ పెట్టినందుకు నడిచిన కేసును 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. భయపెట్టే ఉద్దేశం లేకుండా ఊరికే నాలుగు మాటలు అంటే ఈ నేరం కాదంది. సరైన తీర్పే. మరి ఉద్దేశం ఎక్కడ కనిపిస్తుంది? 'అంతు చూస్తా' అని కోపంలో ఎవరైనా అంటారు. కొడుకు వచ్చే దారి తెలుసని అన్నారంటే ముందే వాకబు చేసుకుని వచ్చారన్నమాట. మన అర్జీలు ఆ గట్టి సాక్ష్యాన్ని చెరిపేసి, దాని చోట పనికిరాని తిట్టును పెడుతున్నాయి.

ప్రతి ఆస్తి గొడవలోనూ ఈ సెక్షన్ తగిలిస్తున్నారని, అమాయకులు ఇరుక్కుంటున్నారని లాయర్లు అంటారు. నిజమే, ఇరుక్కుంటున్నారు. అందరి అర్జీల్లోనూ ఒకటే వాక్యం ఉన్నప్పుడు నిజమేదో అబద్ధమేదో ఎలా తేలుతుంది? ఎవరు, ఎప్పుడు, ఏ మాట అన్నారో రాయమంటే కష్టం అబద్ధం చెప్పేవాడికే.

2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు పోయినప్పుడు ఆ మాటలు బాధితుల ఫోన్లలో మెసేజ్‌లుగా మిగిలాయి. "కట్టకపోతే మీ ఫొటో మీ కాంటాక్ట్స్ అందరికీ పోతుంది" లాంటి మాటను స్క్రీన్ మీద చూశాక అది బెదిరింపా కాదా అని ఎవరూ అడగరు. ఎదురుగా నిలబడి అన్న మాటకు స్క్రీన్‌షాట్ ఉండదు. అర్జీలో రాసిందే దానికి రికార్డు.

అసలు జబ్బు ఇంకా పెద్దది. తెలుగును అధికార భాష చేస్తూ 1966లోనే చట్టం చేసుకున్నాం. అయినా సాక్షి తెలుగులో చెప్పింది చాలా కోర్టుల్లో ఇంగ్లిష్‌లోనే టైపవుతోంది. ఆ 'అమ్మా'లో ఉన్న బెదిరింపు ఏ ఇంగ్లిష్ వాక్యంలోకి వస్తుంది? మన భాషలో జరిగిన నేరాన్ని మన భాషలోనే రాసుకోలేకపోతున్నాం.

రెండు రాష్ట్రాల డీజీపీలు ఒక్క సర్క్యులర్ ఇవ్వాలి. బెదిరింపు ఫిర్యాదు ఎఫ్‌ఐఆర్ అయినా, డైరీలో ఎక్కినా, అన్న మాటను అన్న యాసలోనే కొటేషన్లలో రాయాలి.

అర్జీ చదివి వినిపించాక ఆ పెద్దావిడ "వాళ్లన్నది రాయలేదేం బాబూ?" అని అడిగింది. "ఇలాగే రాయాలమ్మా" అన్నాడు రాసినాయన. ఆవిడ వేలిముద్ర వేసింది.