శివారు సఫ్

మా కాలువగట్టు మసీదులో పిల్లల బెడద మరీ ఎక్కువైపోయిందండి. జుమ్మాకి, అంటే శుక్రవారం నమాజుకి, వచ్చే ఏడెనిమిదేళ్ళ గుంటలు పెద్దల సఫ్‌లో, అదే నమాజు వరసలో, దూరిపోతున్నారు. అందులోనూ సరిగ్గా నమాజు చేయించే ఇమాం వెనకాల! ఆ చోటు ఎవరిదో ఊరందరికీ తెలుసు. దాన్ని పట్టాభూమిలా అనుభవిస్తున్న పెద్దమనిషి ఖుత్బా (ఇమాం ప్రసంగం) సగమయ్యాక అత్తరు రాసుకుని దయచేస్తారు. కుర్రాడు అజాన్‌కి ముందే వచ్చి కూర్చున్నాడంటారా? ముందొచ్చినంత మాత్రాన చోటు రాసిచ్చేస్తామా!

డెల్టాలో పుట్టినవాళ్ళకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, కాలువలొచ్చాయి, వాటితోపాటే శివారూ వచ్చింది. ఎగువ చేలు తడిశాకే శివారుకి నీళ్ళు. మసీదుకి శివారంటే చెప్పులు విడిచే చోటు. పిల్లల్ని ఏరి ఏరి అక్కడికే పంపుతున్నాం.

శాస్త్రం కూడా మా వైపేనండి, ఆయ్. హనఫీ అనే ధర్మశాస్త్ర పద్ధతిలో ముందు మగవాళ్ళు, వెనక మగపిల్లలు, ఆ వెనక ఆడవాళ్ళు. వివేకం గలవాళ్ళు నాకు దగ్గరగా నిలబడాలని ప్రవక్త (స) చెప్పిన హదీసు ఉంది. ఆ వివేకం తెల్లగడ్డంతోపాటే మొలుస్తుందన్నది మేం కలుపుకున్నాం. పిల్లాడు ఒక్కడే ఉంటే పెద్దల సఫ్‌లోనే నిలబెట్టాలనీ, గుంపుగా అల్లరి చేస్తారనుకుంటే పెద్దల మధ్య సర్దొచ్చనీ కూడా పండితులన్నారట. మేం ఆ పేజీ దాకా వెళ్ళలేదు. పదిమందినీ గంపలో పీతల్లా ఒకేచోట వేసి, గీరుకుంటున్నారేమిటని ఆశ్చర్యపోతున్నాం.

మొన్న జుమ్మాకి వెనక వరస కిచకిచలాడింది. ఖుత్బా జరుగుతుండగా వంద కౌంటు (కిలోకి వంద తూగే) రొయ్య రేటు మాట్లాడుకుంటున్న మొదటి సఫ్‌కి ఏకాగ్రత చెడింది. పెద్దమనిషి వెనక్కి తిరిగి "నోర్ముయ్యండెహె!" అన్నారు. కాలువ లాకుల దాకా వినబడింది. ఖుత్బా వేళ పక్కవాణ్ణి "ఊరుకో" అన్నా అది వ్యర్థపు మాటేనని బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు గ్రంథాల్లోనూ ఉంది. అది పక్కవాడి సంగతి, వెనకవాడికి వర్తించదని మా తీర్మానం.

ఇమాంసాబ్ మెతక మనిషి. ప్రవక్త (స) మనవరాలు ఉమామాని ఎత్తుకునే నమాజు చేశారనీ, సజ్దాకి (నుదురు నేలకి ఆనించడానికి) వెళ్తూ దించి, లేస్తూ మళ్ళీ ఎత్తుకునేవారనీ చెబుతారు. పసిబిడ్డ ఏడుపు వినబడితే తల్లి ప్రాణం కొట్టుకుంటుందని నమాజు కురచ చేసేవారట. అంతా నిజమే. కానీ మేం మొన్ననే కొత్త తివాచీ పరిచాం కదండీ.

ఆయనే ఇంకో సంగతి చెప్పారు. ప్రవక్త (స) కాలంలో అమ్ర్ బిన్ సలమా అని ఆరేడేళ్ళ కుర్రాడు. వాళ్ళది బాటసారులు ఆగే నీళ్ళ రేవు. వచ్చేపోయేవాళ్ళ నోట విని, తనవాళ్ళందరికంటే ఎక్కువ ఖుర్ఆన్ కంఠతా పట్టాడు. దాంతో పెద్దలు అతన్నే ముందు నిలబెట్టి, తాము వెనక నిలబడి నమాజు చేశారు. సజ్దాలో ఒంటిమీది కురచగుడ్డ పైకి పోతోందని గమనించి, బట్ట కొని చొక్కా కుట్టించారు.

మా రేవులోనైతే, "చొక్కా లేకుండా వచ్చావేరా" అని చెప్పుల దగ్గర నుంచే ఇంటికి తోలేసేవాళ్ళం.